తక్కువ విద్యుత్తు లినక్స్ సర్వర్లతో కళాశాల గ్రంథాలయాలకు హోస్టింగ్: ఈ లెక్క నిలబడుతుందా?

చిన్నసర్వరు_ఒంగోలు:

సభ్యులకు నమస్కారం. ప్రకాశం, గుంటూరు, నెల్లూరు జిల్లాల్లోని ప్రైవేటు, ఎయిడెడ్ డిగ్రీ కళాశాలల గ్రంథాలయాలకు కోహా (గ్రంథాలయ నిర్వహణకు వాడే ఉచిత సాఫ్ట్‌వేరు) ఎక్కించి, దాన్ని నా దగ్గరున్న చిన్న లినక్స్ సర్వర్ల మీద నడిపిపెట్టే వ్యాపారం మొదలుపెట్టాలనుకుంటున్నాను. పెట్టుబడి పెట్టే ముందు నా లెక్కను అనుభవజ్ఞుల ముందుంచి, అది ఎక్కడ బలహీనంగా ఉందో తెలుసుకోవాలని ఈ చర్చ ప్రారంభిస్తున్నాను.

యంత్రాలుగా ఇంటెల్ ఎన్100 ప్రాసెసరున్న మినీ పీసీలను ఎంచుకున్నాను. నాలుగు కోర్లు, 16 జీబీ మెమరీ, ఒక ఎన్‌వీఎంఈ డిస్కు ఉంటాయి. ప్రాసెసరుకు 6 వాట్లని ఇంటెల్ చెబుతుంది గానీ, గోడ ప్లగ్గు దగ్గర మీటరు పెట్టి చూస్తే డిస్కు, మెమరీ, అడాప్టరు నష్టం అన్నీ కలిసి మామూలు పని మీద 10 వాట్లకు అటూ ఇటూగా వస్తోంది. వీటి మీద డెబియన్ అనే లినక్స్ వేసి, ఒక్కో కళాశాలకు కోహాలో ఒక్కో విడి ఇన్‌స్టన్స్ (సొంత డేటాబేసున్న విడి కోహా) సృష్టిస్తాను. ఒక్కోదానికి 2 జీబీ మెమరీ కేటాయించినా ఒక యంత్రం మీద ఆరు కళాశాలలు ఇబ్బంది లేకుండా నడుస్తాయని నా అంచనా. మూడు యంత్రాల మీద 18 కళాశాలలు ఉంటాయి. నాలుగోది నెల్లూరులో బంధువుల ఇంట్లో డేటా నకళ్ల (బ్యాకప్) కోసం ఉంటుంది.

ఏడాది లెక్క ఇలా వేసుకున్నాను. యంత్రానికి రూ.20,000 చొప్పున నాలుగింటికి రూ.80,000, దాన్ని నాలుగేళ్లకు పంచితే ఏడాదికి రూ.20,000. నాలుగు యంత్రాలు, స్విచ్చి, ఫైబర్ పెట్టె కలిపి 60 వాట్లు, అంటే ఏడాదికి 525 యూనిట్లు, యూనిట్ రూ.10 అనుకుంటే రూ.5,250. స్టాటిక్ ఐపీ (మారని ఇంటర్నెట్ చిరునామా)తో రెండు వేర్వేరు కంపెనీల వ్యాపార ఫైబర్ కనెక్షన్లకు నెలకు రూ.1,500 చొప్పున రూ.36,000. ఇన్వర్టరు, బ్యాటరీలకు ఏడాది వాటా రూ.6,000. మొత్తం రూ.67,000 పైచిలుకు. కళాశాలకు ఏడాదికి రూ.6,000 చొప్పున తీసుకుంటే 18 కళాశాలల నుంచి రూ.1,08,000 వస్తుంది. మిగులు స్వల్పమేనని తెలుసు. అయినా ఇది ఎదిగే పని అని నమ్ముతున్నాను.

పాతరాక్_హైదరాబాదు:

చిన్నసర్వరు గారూ, మీరు అంకెలన్నీ దాచకుండా పెట్టారు కాబట్టి నేనూ సూటిగా మాట్లాడతాను. మీ ఖర్చులో కరెంటు వాటా పదమూడో వంతు. ఆ భాగాన్ని సున్నా చేసినా మీ వ్యాపారం తలరాత మారదు. మీ ఖర్చులో సగానికి పైగా కనెక్షన్లకే పోతోంది. తక్కువ విద్యుత్తు అన్న మాటను మీరు శీర్షికలో పెట్టినంత ఘనంగా లెక్కలో చూపలేకపోయారు.

పోటీ సంగతి కూడా చూడండి. జర్మనీకి చెందిన హెట్జ్‌నర్ 2023లో ఆంపియర్ ఆల్ట్రా ప్రాసెసర్ల మీద ఆర్మ్ రకం వర్చువల్ సర్వర్లను (పెద్ద యంత్రంలో ఒక భాగాన్ని విడి సర్వరులా అద్దెకిచ్చేవి), రెండు కోర్లు 4 జీబీ మెమరీతో నెలకు దాదాపు నాలుగు యూరోలకు మొదలుపెట్టింది. అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాదులోనే డేటా సెంటర్ల సముదాయాన్ని తెరిచింది. వీళ్లకు జనరేటర్లున్నాయి, కాపలా ఉంది, డిస్కు పోతే అర్ధరాత్రి మార్చే మనిషి ఉన్నాడు. మీరు పెట్టెలు కొనకుండా, వీళ్ల దగ్గర రెండు వర్చువల్ సర్వర్లు అద్దెకు తీసుకుని అదే కోహాను నడిపితే మీకొచ్చే నష్టమేమిటి? హార్డ్‌వేరు మీద ఉన్న మక్కువను వ్యాపారం నుంచి విడదీసి ఈ ప్రశ్నకు జవాబు చెప్పండి.

గ్రంథపాలకురాలు_తెనాలి:

పాతరాక్ గారి ప్రశ్నకు సాంకేతికంగా నేను జవాబు చెప్పలేను గానీ, కొనేవాళ్ల వైపు నుంచి కొంత చెప్పగలను. ఎయిడెడ్ కళాశాల గ్రంథాలయంలో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను.

మొదటి సంగతి, ప్రభుత్వ కళాశాలలను మీ జాబితాలోంచి తీసేసి మంచిపనే చేశారు. జాతీయ సమాచార కేంద్రం తయారుచేసిన ఈ-గ్రంథాలయ సాఫ్ట్‌వేరు ఆ కళాశాలలకు ఉచితంగా, హోస్టింగుతో సహా దొరుకుతుంది. విశ్వవిద్యాలయ గ్రంథాలయాల కోసం పనిచేసే ఇన్‌ఫ్లిబ్‌నెట్ సంస్థ వారి సోల్ సాఫ్ట్‌వేరు చాలా చోట్ల ముందే ఉంది. మిగిలిన కళాశాలల్లో యాజమాన్యం కదిలేది ఎప్పుడంటే న్యాక్ (కళాశాలల నాణ్యతకు గుర్తింపునిచ్చే జాతీయ మండలి) మదింపు దగ్గరకొచ్చినప్పుడు. గ్రంథాలయం ఆటోమేషన్ అయిందా, ఏ సాఫ్ట్‌వేరుతో అయింది అన్నది అక్కడ విడి అంశంగా అడుగుతారు. అప్పటిదాకా పట్టించుకోని కరస్పాండెంటు ఆ ఏడాది మాత్రం ఫోను చేసి మరీ అడుగుతారు.

రెండోది, మా కళాశాల యూరోల్లో ఎవరికీ డబ్బు కట్టదు. కొటేషను తీసుకుని, బిల్లు పెట్టి, రెండు సంతకాలయ్యాక చెక్కు ఇస్తుంది. ఆ బిల్లు ఇచ్చే మనిషి ఈ జిల్లాలో ఉండాలి, సర్క్యులేషను కౌంటరు దగ్గర పిల్లలు బారులు తీరి నిలబడ్డప్పుడు ఫోను ఎత్తాలి, తెలుగులో మాట్లాడాలి. పెట్టె ఎక్కడుందని మేం అడగం.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. మా దగ్గర పుస్తకాల్లో సగం తెలుగువి. కోహాలో వెతుకులాటకు వాడే జెబ్రా ఇండెక్సును మామూలు అమరికతో వదిలేస్తే తెలుగు పదాలను సరిగా విడదీయదు. గురజాడ అని తెలుగులో కొడితే ఫలితాలు రావు, రోమను లిపిలో కొడితే వస్తాయి. ఐసీయూ (అన్ని లిపుల పదాలనూ విడదీయగల పద్ధతి) అమరికకు మార్చి ఇండెక్సు మొత్తం తిరిగి కట్టాలి. ఇది తెలియకుండా కోహా వేసి వెళ్లిపోయిన ఒక సంస్థ వల్ల మా పక్క ఊరి కళాశాలలో తెలుగు పుస్తకాల పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కించారు. ఇప్పుడు వాటిని మార్చడం కొత్తగా ఎక్కించడం కంటే కష్టమవుతోంది.

బ్యాటరీ_బెజవాడ:

పాతరాక్ గారు కరెంటు బిల్లు దగ్గర ఆగిపోయారు. తక్కువ వాట్ల విలువ బిల్లులో కనిపించదు, కరెంటు పోయినప్పుడు కనిపిస్తుంది.

12 వోల్టుల 150 ఆంపియర్ అవర్ ట్యూబులర్ బ్యాటరీని తీసుకోండి. పేరుకు 1,800 వాట్ అవర్లు. అందులో నాలుగు వంతులు వాడి ఐదో వంతు మిగిల్చి, ఇన్వర్టరులో పోయే నష్టాన్ని తీసేస్తే చేతికొచ్చేది 1,200 చుట్టూ ఉంటుంది. ఒంగోలులో ఉండే మూడు యంత్రాలు, స్విచ్చి, ఫైబర్ పెట్టె కలిసి 50 వాట్లు. ఇన్వర్టరు తాను మేలుకొని ఉండటానికే మరో 15 వాట్లు తింటుంది, దీన్ని చాలామంది లెక్కలో వేయరు. అయినా 18 గంటలు వస్తుంది. అదే స్థానంలో ఖాళీగా ఉన్నప్పుడే 150 వాట్లు తీసుకునే పాత రాక్ సర్వర్లు రెండు పెట్టండి, మూడున్నర గంటలకు బ్యాటరీ పడుకుంటుంది, పైగా గదికి ఏసీ కావాలి, ఆ ఏసీని ఈ బ్యాటరీ మీద నడపలేరు. మా ప్రాంతంలో వేసవి గాలివానకు చెట్టు పడి లైను తెగితే లైన్‌మన్ వచ్చి కలిపేదాకా ఎంతసేపు పడుతుందో మీకందరికీ తెలుసు. ఆ రాత్రంతా జనరేటరు లేకుండా నిలబడగలగడమే ఈ చిన్న యంత్రాల అసలు లాభం.

కొన్ని జాగ్రత్తలు చెబుతాను. ఎండాకాలం 45 డిగ్రీల గదిలో ముందు చచ్చేది కంప్యూటరు కాదు, బ్యాటరీ. 25 డిగ్రీల మీద ప్రతి ఎనిమిది పది డిగ్రీలకు లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆయుర్దాయం దాదాపు సగానికి పడిపోతుంది కాబట్టి, యంత్రాలను పై అంతస్తులో పెట్టినా బ్యాటరీని మాత్రం కింద, నీడపట్టున, గాలి ఆడే చోట పెట్టండి. మినీ పీసీలు 12 వోల్టులవే కదా అని బ్యాటరీకి నేరుగా తగిలించాలన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. ఛార్జింగు సమయంలో ఆ తీగ మీద 14 వోల్టులు దాటుతుంది, బ్యాటరీ దిగిపోయేటప్పుడు 11కు పడుతుంది. మధ్యలో వోల్టేజీని పెంచి, తగ్గించి 12 దగ్గర నిలిపే కన్వర్టరు లేకుండా అలా చేయకూడదు. అది పెడితే ఇన్వర్టరు తినే 15 వాట్లు మిగులుతాయి. ఎర్తింగుకు విడిగా గుంత తీయించి ఉప్పు, బొగ్గు వేయించండి. ఇంటికున్న పాత ఎర్తింగును నమ్మవద్దు.

చివరగా, ప్రతి మినీ పీసీలోనూ బయాస్ (యంత్రం మొదలయ్యేటప్పటి అమరికల తెర)లోకి వెళ్లి, కరెంటు తిరిగి రాగానే యంత్రం తనంతట తాను లేచేలా అమరిక మార్చండి. కొత్త యంత్రాల్లో చాలావాటికి అది ఆపేసి ఉంటుంది. బ్యాటరీ పూర్తిగా దిగిపోయిన రాత్రి తర్వాత కరెంటు వచ్చినా పెట్టెలు నల్లగా పడి ఉంటాయి, మీరు ఊళ్లో లేకపోతే ఎవరో వెళ్లి బటను నొక్కాలి.

చిన్నసర్వరు_ఒంగోలు:

బ్యాటరీ గారూ, నేను చెప్పదలచుకుని చెప్పలేకపోయిన విషయాన్ని మీరు అంకెలతో చూపారు, కృతజ్ఞతలు. గ్రంథపాలకురాలు గారి ఐసీయూ మాట చాలా విలువైనది. పాతరాక్ గారి ప్రశ్నకు నా జవాబు ఇది: 16 జీబీ మెమరీ, నాలుగు సొంత కోర్లున్న వర్చువల్ సర్వరును మన దేశంలోని డేటా సెంటరులో అద్దెకు తీసుకుంటే ఏడాది అద్దె ఈ పెట్టె ధరను సులువుగా దాటుతుంది. పెద్ద కంపెనీల ధర తక్కువగా కనబడేది చిన్న సర్వరు దగ్గరే, మెమరీ పెరిగేకొద్దీ ఆ తేడా తిరగబడుతుంది. కోహాకు కావలసింది మెమరీ.

తీగలపని_నెల్లూరు:

కనెక్షన్ల గురించి రాస్తాను, ఎందుకంటే ఇంటి నుంచి హోస్టింగు చేయాలనుకునేవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

ఫైబర్ రౌటరులోకి వెళ్లి బయటి వైపు చిరునామా చూడండి. అది 100.64 నుంచి 100.127 వరకు మధ్యలో మొదలైతే, కంపెనీ ఒకే బహిరంగ చిరునామాను మీతోపాటు ఎంతోమందికి పంచుతోందని అర్థం, బయటివాళ్లు మీ సర్వరును నేరుగా చేరలేరు. స్టాటిక్ ఐపీ తీసుకుంటే ఈ చిక్కు పోతుంది. కానీ ఇంటి ప్లానులో సర్వర్లు నడపకూడదని, కనెక్షనును ఇతరులకు అమ్మకూడదని నిబంధనల్లో రాసి ఉండటం మామూలు. మీరు వ్యాపార ప్లాను అన్నారు, ఆ ఒప్పందం కాగితాన్నీ పూర్తిగా చదివి, హోస్టింగు చేసుకోవచ్చని రాతపూర్వకంగా తీసుకోండి.

రెండు కనెక్షన్లున్నా ఒక చిక్కు మిగులుతుంది. మొదటి లైను తెగితే కళాశాల బ్రౌజరుకు తెలిసిన చిరునామా పోతుంది, డీఎన్ఎస్ (సైటు పేరును చిరునామాకు కలిపే పట్టిక) మార్చినా పాత చిరునామా కొంతసేపు అంటిపెట్టుకుని ఉంటుంది. అందుకని ఒక చిన్న వర్చువల్ సర్వరును ముంబయిలోనో హైదరాబాదులోనో అద్దెకు తీసుకుని దాన్ని గుమ్మంలా వాడండి. లోకానికి కనిపించే చిరునామా దానిదే. అక్కడి నుంచి ఒంగోలుకు రెండు లైన్ల మీదా రెండు వైర్‌గార్డు సొరంగాలు (ఇంటర్నెట్ మీద గూఢలిపిలో సాగే సొంత దారులు). ఒకటి పడిపోతే రాకపోకలు రెండోదానికి మారతాయి. గుమ్మం మీద పెద్ద పనేమీ ఉండదు, అతి చిన్న ప్లాను చాలు. దీనికి ఏడాదికి ఆరేడు వేలు కలుపుకోండి.

ఇక్కడ ఒక చిన్న విషయం మీద గంటలు పోతాయి. వైర్‌గార్డు మామూలుగా 1420 బైట్ల ఎంటీయూ (ఒక్కో ప్యాకెట్టు గరిష్ఠ పరిమాణం) పెట్టుకుంటుంది. మన ఫైబర్ లైన్లు చాలావరకు పీపీపీఓఈ అనే లాగిన్ పద్ధతి మీద నడుస్తాయి కాబట్టి అక్కడ 1500కు బదులు 1492 మాత్రమే పడుతుంది, సొరంగంలో అది 1412కు దిగాలి. దిగకపోతే లాగిన్ పేజీ వస్తుంది, చిన్న పేజీలన్నీ వస్తాయి, పుస్తకాల జాబితా పెద్దదైతే సగంలో ఆగిపోయి తిరుగుతూ ఉంటుంది. తప్పు కోహాదని అందరూ కోహాను తవ్వుతారు.

ఈమెయిలు సర్వరు మాత్రం మీరు నడపవద్దు. గడువు దాటిన పుస్తకాల గురించి గుర్తుచేసే లేఖలు పంపాలంటే, కళాశాలకు ఇప్పటికే ఉన్న మెయిలు ఖాతా ద్వారానే పంపించండి. ఫైబర్ కంపెనీల చిరునామాల నుంచి నేరుగా వెళ్లే మెయిలును పెద్ద సంస్థలు చాలావరకు తిరస్కరిస్తాయి.

పద్దులు_విశాఖ:

చట్టాల సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను రాస్తున్నాను. నేను పన్నుల లెక్కలు చూసే మనిషిని, మీ పరిస్థితికి తగిన తుది మాట మీ ఆడిటరు చెప్పాలి.

సేవల వ్యాపారానికి ఏడాది టర్నోవరు రూ.20 లక్షలు దాటేదాకా జీఎస్టీ నమోదు అక్కర్లేదు. పక్క రాష్ట్రంలోని కళాశాలకు సేవ అందించినా ఈ పరిమితే వర్తిస్తుంది. నమోదైతే 18 శాతం కలిపి బిల్లు ఇవ్వాలి, ఆ పన్నును కళాశాల తిరిగి పొందలేదు, అంటే మీ రూ.6,000 వాళ్లకు రూ.7,080 అవుతుంది. అయితే ఒక మెలిక ఉంది. విదేశీ కంపెనీ దగ్గర సర్వరు అద్దెకు తీసుకుంటే ఆ సేవ మీద రివర్స్ ఛార్జి కింద పన్ను మీరే కట్టాలి, రివర్స్ ఛార్జి కట్టవలసినవాళ్లకు టర్నోవరుతో సంబంధం లేకుండా నమోదు తప్పనిసరి. నాలుగు యూరోల సర్వరు కోసం ఈ తలనొప్పి తెచ్చుకోకండి. గుమ్మం సర్వరును మన దేశపు కంపెనీ దగ్గరే, జీఎస్టీ బిల్లుతో తీసుకోండి.

రెండోది, 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబరు భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాలు. డేటా సెంటర్లు, వర్చువల్ సర్వర్లు ఇచ్చేవాళ్లు, క్లౌడ్ సేవలవాళ్లు వినియోగదారుల పేరు, చిరునామా, ఫోను, వాళ్లకిచ్చిన ఐపీలు, ఏ అవసరానికి తీసుకున్నారన్నదీ ధృవీకరించి, సేవ ముగిశాక కూడా ఐదేళ్లు దాచాలి. వ్యవస్థల లాగులు (సర్వరులో జరిగిన పనుల నమోదులు) 180 రోజులు ఉంచాలి. సర్వరులోకి ఎవరైనా చొరబడినట్టు గమనిస్తే ఆరు గంటల్లోగా సెర్ట్-ఇన్‌కు తెలియజేయాలి. సర్వర్ల గడియారాలను జాతీయ సమాచార కేంద్రం లేదా జాతీయ భౌతిక ప్రయోగశాల సమయ సర్వర్లతో కలపాలి. డెబియన్‌లో క్రోనీ (గడియారాన్ని సరిచేసే ప్రోగ్రాము) అమరిక ఫైలులో రెండు పంక్తులు మారిస్తే చివరిది అయిపోతుంది. 180 రోజుల లాగులకు డిస్కులో చోటు ముందే లెక్కవేసుకోండి.

మూడోది, కోహాలో ఉండేవి పుస్తకాలే కాదు, విద్యార్థుల పేర్లు, ఫోన్లు, వాళ్లు ఏం చదివారన్న చరిత్ర కూడా. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివాళ్లు పిల్లలే, డిగ్రీ మొదటి సంవత్సరంలో అలాంటివాళ్లు ఉంటారు. సమాచారానికి బాధ్యత కళాశాలది, వాళ్ల తరఫున దాన్ని నిర్వహించే పాత్ర మీది, ఈ రెండూ విడివిడిగా రాసిన ఒప్పందం లేకుండా ఒక్క కళాశాలను కూడా ఎక్కించుకోకండి.

కేంబ్రిడ్జి_తెలుగు:

ఇంగ్లండులో ఉంటున్నాను. ఇలాంటి ప్రయత్నాలు ఇటు యూరప్‌లో ఎలా సాగాయో రెండు ఉదాహరణలు మీకు పనికొస్తాయి.

ఫ్రాన్సులో స్కేల్‌వే అనే సంస్థ 2015 ప్రాంతంలో తానే తయారు చేయించిన చిన్న ఆర్మ్ బోర్డులను, నాలుగు కోర్లు 2 జీబీ మెమరీతో, నెలకు 2.99 యూరోలకు అద్దెకిచ్చింది. ఒక్కొక్కరికి ఒక్కో అసలు యంత్రం. చాలామంది మెచ్చుకున్నారు. కొన్నేళ్లకు ఆ బోర్డుల వయసు అయిపోయింది, 32 బిట్ల ప్రాసెసర్లకు సాఫ్ట్‌వేరు ఆదరణ తగ్గింది, సంస్థ వాటిని ఆపేసి వర్చువల్ సర్వర్ల వైపు వెళ్లింది. రెండోది ఇక్కడి మిథిక్ బీస్ట్స్. వీళ్లు రాస్ప్‌బెర్రీ పైలను (అరచేతిలో పట్టే ఆర్మ్ కంప్యూటర్లను) అద్దెకిస్తారు. 2019 జూన్‌లో పై 4 విడుదలైనప్పుడు రాస్ప్‌బెర్రీ పై వాళ్ల సొంత వెబ్‌సైటునే 18 పై 4ల మీద నడిపి చూపారు. వాళ్ల పద్ధతిలో నేర్చుకోవలసింది ఏమిటంటే, పైలలో ఎస్‌డీ కార్డు ఉండదు. యంత్రం నెట్‌వర్కు నుంచి బూటవుతుంది, డిస్కు మొత్తం మరో పెద్ద ఫైల్ సర్వరులో ఉంటుంది. బోర్డు పాడైతే తీసేసి కొత్తది పెడతారు, వినియోగదారు సమాచారం చెక్కుచెదరదు. ప్రతి పైకీ ఐపీవీ6 (కొత్త తరం ఇంటర్నెట్) చిరునామా మాత్రమే ఇచ్చి, పాత ఐపీవీ4 వాళ్లకోసం ముందు ఒక ప్రాక్సీ (మధ్యవర్తి సర్వరు) పెట్టారు. తీగలపని గారు చెప్పిన గుమ్మం కూడా ఇలాంటిదే.

చిన్నసర్వరు గారూ, మీరు అరుదైన బోర్డులను కాకుండా ఎక్కడైనా దొరికే మామూలు పీసీని ఎంచుకోవడం సరైన నిర్ణయమని నా అభిప్రాయం. పాడైన రోజున ఒంగోలు బజారులో దొరికే వస్తువుతో మార్చగలగాలి.

పాతరాక్_హైదరాబాదు:

బ్యాటరీ గారి లెక్కతో నేను ఏకీభవిస్తున్నాను. మెమరీ ధర మీద చిన్నసర్వరు గారి జవాబు కూడా సమంజసమే. అయినా నా అసలు ఆందోళన యంత్రం గురించి కాదు.

ఈ మినీ పీసీల్లో ఒకటే డిస్కు, అదీ మామూలు వినియోగదారుల రకం. కరెంటు ఒక్కసారిగా పోతే డిస్కు తన జ్ఞాపకంలో ఉన్న రాతలను భద్రపరిచే కెపాసిటర్లు వీటిలో ఉండవు. డేటాబేసు సగం రాసి ఆగుతుంది. ఇన్వర్టరు ఉంది కదా అనకండి, ఇన్వర్టరు కూడా పాడవుతుంది. కాబట్టి కోహా వాడే డేటాబేసు మరియాడీబీ ప్రతి లావాదేవీనీ డిస్కుకు దింపే అమరికను వేగం కోసం సడలించకండి. పుస్తకాలు ఇచ్చి పుచ్చుకునే కౌంటరుకు ఆ వేగం చాలు. ప్రతి రాత్రీ కోహా డంపు (డేటాబేసు పూర్తి నకలు) తీసి, గూఢలిపిలో రెస్టిక్ అనే బ్యాకప్ ప్రోగ్రాము ద్వారా నెల్లూరుకు పంపండి.

నెల్లూరు అన్నారు కాబట్టి ఇంకో మాట. ఒంగోలుకు, నెల్లూరుకు వచ్చేది ఒకే తుపాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు నగరానికి రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు. పద్దులు గారు ఆ రోజులు చూసే ఉంటారు. అలాంటిది మీ తీరానికి వస్తే 18 గంటల బ్యాటరీ, రెండు కనెక్షన్లు, నెల్లూరు నకలు అన్నీ ఒకేసారి పడుకుంటాయి. మూడో నకలు తీరానికి దూరంగా, కర్నూలులోనో హైదరాబాదులోనో ఉండాలి.

ఇంకొకటి అడగక తప్పదు. మీరు ఒక్కరే. మీకు డెంగీ వచ్చి పది రోజులు ఆసుపత్రిలో ఉంటే కళాశాలల ఫోన్లు ఎవరు ఎత్తుతారు? యంత్రానికి ప్రత్యామ్నాయం చూపారు, మీకు చూపలేదు. సర్వరు 99.9 శాతం సమయం నడుస్తుందని ఒప్పందంలో రాస్తే నెలకు 43 నిమిషాల అంతరాయమే అనుమతి, 99 శాతమైతే ఏడు గంటల పన్నెండు నిమిషాలు. ఒక్క మనిషి 99.9 రాయకూడదు.

గ్రంథపాలకురాలు_తెనాలి:

పాతరాక్ గారు రాసిన శాతాల గురించి కొంచెం ఊరట మాట చెబుతాను. గ్రంథాలయం ఉదయం తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం ఐదున్నర దాకా, ఆదివారం తప్ప. రాత్రి రెండింటికి సర్వరు ఆగితే మాకు తెలియను కూడా తెలియదు. పైగా నెట్ లేనప్పుడు కౌంటరు కంప్యూటరులో ఇచ్చి పుచ్చుకునే లెక్కలు నమోదు చేసుకుని తర్వాత కోహాలోకి ఎక్కించే సదుపాయం ఉంది. అది మా సిబ్బందికి నేర్పండి చాలు. ఒప్పందంలో పనివేళలకే హామీ రాయండి, అది నిజాయితీగా ఉంటుంది.

మీరు ఆసుపత్రిలో ఉంటే ఏమిటన్నది మాత్రం మాకు నిజంగా భయమే. అందుకే ప్రతి నెలా మా కళాశాల డేటాబేసు పూర్తి నకలును, పుస్తకాల రికార్డులను మార్క్ (గ్రంథాలయ రికార్డుల ప్రామాణిక రూపం) ఫైలుగా, పెన్‌డ్రైవులోనో మా సొంత ఖాతాలోనో మాకు ఇవ్వాలన్న షరతు పెట్టండి. మీరు మానేసినా, మేం మారినా మా సొమ్ము మా చేతిలో ఉంటుంది. ఈ షరతు మీరే ముందు ప్రతిపాదిస్తే ప్రిన్సిపాలుకు మీ మీద కలిగే నమ్మకం ఏ ధర తగ్గింపుతోనూ రాదు.

ధర గురించి కూడా చెబుతాను. ఏడాదికి రూ.6,000 అన్నది తక్కువే. కానీ దాన్ని పెంచడం కంటే, మొదట్లో చేసే పనికి విడిగా తీసుకోండి. పాత యాక్సెషను రిజిస్టర్లలోంచి, ఎక్సెల్ షీట్లలోంచి పుస్తకాలను రికార్డులుగా మార్చడం, తెలుగు పేర్లను తెలుగు లిపిలో ఎక్కించడం, బార్‌కోడ్లు అంటించడం, సిబ్బందికి శిక్షణ ఇవ్వడం పెద్ద పని. పుస్తకానికి ఇంత అని లెక్కగట్టి ఇవ్వడం కళాశాలలకు అలవాటే. హోస్టింగు ఆ పనికి కొనసాగింపుగా నిలబడుతుంది.

చిన్నసర్వరు_ఒంగోలు:

అందరి మాటలూ చదివాక పథకాన్ని ఇలా మార్చుకున్నాను. నెల్లూరు నకలుతోపాటు హైదరాబాదులో మూడో నకలు ఉంచుతాను. గుమ్మం సర్వరును మన దేశపు కంపెనీ దగ్గర తీసుకుంటాను. హామీ పనివేళలకు 99 శాతం. ఒప్పందంలో నెలవారీ నకలు షరతును మొదటి పేజీలోనే పెడతాను. మొదటి ఏడాది 18 కళాశాలల జోలికి పోకుండా మూడింటితో, రెండు యంత్రాలతో మొదలుపెడతాను. డెబియన్ తెలిసిన మిత్రుడొకరు చీరాలలో ఉన్నారు, ఆయన నేను లేని సమయంలో ఫోను ఎత్తడానికి, నేను ఆయన చూసే రెండు పాఠశాలల సర్వర్లకు అదే విధంగా నిలబడటానికి ఒప్పుకున్నాం. తాళాలు, పాస్‌వర్డులు ఇద్దరి దగ్గరా ఉంటాయి, కళాశాలలకు ఈ సంగతి రాతపూర్వకంగా చెబుతాం.

గ్రంథపాలకురాలు గారూ, మీరు అనుమతిస్తే ఒక ప్రశ్న. మార్పిడి పనిని ఏ నెలలో పెట్టుకుంటే కళాశాలకు ఇబ్బంది ఉండదు?

గ్రంథపాలకురాలు_తెనాలి:

పరీక్షలు అయిపోయి పిల్లల పుస్తకాలన్నీ వెనక్కి వచ్చాక, వేసవి సెలవుల్లో స్టాకు వెరిఫికేషను చేస్తాం. ప్రతి పుస్తకమూ అరలోంచి దిగేది ఏడాదిలో అప్పుడొక్కసారే, బార్‌కోడు అంటించడం, రికార్డు సరిచూడటం అప్పుడే కలిసిపోతాయి. అడ్మిషన్లు మొదలుకాక ముందే ముగియాలి. కొటేషను మాత్రం జనవరిలోగా ఇవ్వండి, బడ్జెటు సమావేశం అప్పుడే ఉంటుంది. మీరు వచ్చేటప్పుడు ఒక ఇన్‌స్టన్స్‌ను ఐసీయూ అమరికతో సిద్ధం చేసుకుని రండి. మా దగ్గరున్న తెలుగు పుస్తకాల్లోంచి నేనే ఓ యాభై పేర్లు, ఒత్తులూ సున్నాలూ ఎక్కువగా ఉన్నవి ఏరి ఇస్తాను. ప్రిన్సిపాలు ఎదుట వాటిని వెతికి చూపించండి.

పాతరాక్_హైదరాబాదు:

దానికి ముందు ఇంకో పని చేయండి. నెల్లూరు నకలు నుంచి ఒక ఖాళీ యంత్రం మీదకు కోహాను పూర్తిగా తిరిగి లేపి, ఎంతసేపు పట్టిందో ఇక్కడ రాయండి. ఆ పనిని మీరూ, మీ చీరాల మిత్రులూ విడివిడిగా, ఒకరికొకరు ఫోను చేసుకోకుండా చేయాలి. ఆయన మీ కాగితం మీద రాసిన సూచనలతోనే లేపగలిగితే కొటేషను పంపండి.